తిథి ఎరిగిన అతిథి

పాఠ్యాంశ ఉద్దేశం

బసకు వెల కట్టే ఆధునిక పద్ధతులను విద్యార్థులకు పరిచయం చేయడం, లాయల్టీ పాయింట్లను, రాయితీలను లెక్కతో, వివేకంతో వినియోగించుకొనే నేర్పును కలిగించడం, చవక బస వెనుక దాగిన ప్రమాదాలను, బాధ్యతలను తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యాంశం

‘అతిథి’ అనే పదానికి పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి ఆసక్తికరమైనది. రాకకు తిథినియమం లేనివాడు అతిథి. ముందుగా కబురు చేయకుండా ఏ పూటనైనా గడప తొక్కి, ఆకలి తీర్చుకొని, అలసట పోగొట్టుకొని మరునాడు తన దారిన తాను పోయేవాడు. తైత్తిరీయోపనిషత్తు అట్టివానిని దైవంగా భావించమని బోధించింది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో లభించిన అశోకుని శిలాశాసనాలు బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతిని తెలుపుతున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అన్నదాతగానే మన ముందు నిలిపాడు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడక బాటసారులకు అన్నం పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకొన్నది. సత్రాలు, చావడులు, ధర్మశాలలు ఈ భావన నుంచి పుట్టినవే.

అయితే వెల చెల్లించి పొందే ఆతిథ్యం మనకు కొత్త అనుకోవడం పొరపాటు. వినుకొండ వల్లభరాయని పేరిట వెలసిన క్రీడాభిరామంలో ఓరుగంటి పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. అక్కడ ఒక్క రూకకు షడ్రసోపేతమైన భోజనం దొరికేదని కవి వర్ణించాడు. కాకతీయుల రాజధానిలో పరాయి ఊరివారికి ధర్మసత్రం ఒక దిక్కైతే, పూటకూలి ఇల్లు మరొక దిక్కు. మొదటిది దాత పుణ్యం మీద నడిచింది, రెండవది బాటసారి చేతిలోని రూక మీద నడిచింది. నేటి హోటల్ ఈ రెండవ దానికి వారసురాలు. తెలుగునాట సామాన్యులు ‘హోటల్’ అంటే భోజనం దొరికే చోటనీ, ‘లాడ్జి’ అంటే బస చేసే చోటనీ వ్యవహరిస్తారు. ఈ పాఠంలో హోటల్ అన్న మాటను బస అనే అర్థంలోనే గ్రహించాలి.

పూటకూళ్ళ ఇంటికీ, నేటి హోటల్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పూటకూళ్ళ ఇంటిలో వెల ఒక్కటే. నేటి హోటల్ గదికి వెల ఒక్కటి కాదు. అదే గది, అదే మంచం, అదే కిటికీ, కాని సోమవారం ఒక ధర, శనివారం మరొక ధర. పండుగనాడు ఒక ధర, వానకాలంలో మరొక ధర. పూర్వపు అతిథికి తిథి లేదు. నేటి అతిథికి తిథే వెల. ఈ రహస్యాన్ని గ్రహించినవాడు స్వల్పాదాయంతోనైనా గౌరవంగా బస చేయగలడు. గ్రహించనివాడు అదే గదికి రెండింతలు చెల్లించి కూడా తాను చవకగా పొందినట్లు భ్రమపడతాడు.

ఈ తేడాకు కారణం గది స్వభావంలోనే ఉంది. బియ్యపు వర్తకుడు ఈనాడు అమ్ముడుపోని బస్తాను రేపు అమ్ముకోగలడు. హోటల్ యజమానికి ఆ వెసులుబాటు లేదు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేడు. తెల్లవారగానే ఆ రాత్రి విలువ శాశ్వతంగా నశిస్తుంది. ఈ దృష్టితో చూస్తే గది పూలదండ వంటిది. సంధ్యవేళకు వాడిపోయే దండను పూలమ్మి చీకటి పడకముందే తక్కువ ధరకైనా ఇచ్చివేస్తుంది. అదే దండకు శ్రావణ శుక్రవారం నాటి ఉదయం ఆమె అడిగినదే ధర. హోటళ్ళు కంప్యూటర్ల సాయంతో చేసే ధరల నిర్ణయం ఈ పూలమ్మి చేసే లెక్కకు విస్తృత రూపమే.

కావున చవక బసకు మొదటి సూత్రం తిథిని ఎంచుకోవడం. వ్యాపార కేంద్రాలలోని హోటళ్ళకు సోమవారం నుంచి గురువారం వరకు గిరాకీ ఉంటుంది. శుక్ర, శనివారాలలో ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళిపోవడం వల్ల అక్కడ ధరలు తగ్గుతాయి. యాత్రాస్థలాలలో, విహార స్థలాలలో ఇందుకు విపర్యయంగా జరుగుతుంది. హైదరాబాదులోని హైటెక్ సిటీ ప్రాంతానికీ, అరకులోయకూ వారాంతంలో వర్తించే న్యాయం ఒక్కటి కాదు. ప్రయాణపు రోజును ఒకటి రెండు రోజులు ముందు వెనుకలు చేసుకోగలిగిన వానికి ఏ పథకంలోనూ చేరకుండానే సగం లాభం చేకూరుతుంది.

రెండవ సూత్రం పాయింట్లకు సంబంధించినది. దీనికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే సంస్థ 1896లో ప్రారంభమై దుకాణదారులకు ‘గ్రీన్ స్టాంపులు’ అమ్మింది. దుకాణదారు తన వద్ద సరుకు కొన్నవారికి ఆ స్టాంపులను కొసరుగా ఇచ్చేవాడు. గృహిణులు వాటిని చిన్న పుస్తకాలలో అతికించుకొని, నిండిన పుస్తకాలను ఇచ్చి ఇంటికి కావలసిన వస్తువులు తెచ్చుకొనేవారు. 1978లో అమెరికా ప్రభుత్వం విమాన ఛార్జీల మీద నియంత్రణను తొలగించే చట్టం చేసింది. విమాన సంస్థల మధ్య పోటీ తీవ్రమైంది. వచ్చిన ప్రయాణికుని మళ్ళీ తన వద్దకే రప్పించుకోవడం ఎట్లా అన్న ప్రశ్నకు సమాధానంగా 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ అనే పథకాన్ని ప్రవేశపెట్టింది. ప్రయాణించిన మైళ్ళను లెక్కగట్టి ఉచిత టికెట్టు ఇవ్వడం దాని సారాంశం.

హోటళ్ళు ఈ మార్గాన్నే అనుసరించాయి. హాలిడే ఇన్, మారియట్ సంస్థలు 1983లోనూ, హిల్టన్, హయత్ సంస్థలు 1987లోనూ తమ పథకాలను ప్రారంభించాయి. 1999లో స్టార్‌వుడ్ సంస్థ మరొక అడుగు ముందుకు వేసింది. అంతవరకు రద్దీ రోజులలో పాయింట్లతో గది ఇవ్వకపోవడం పరిపాటి. సాధారణ గది ఖాళీగా ఉన్న ఏ రోజైనా పాయింట్లతో ఇస్తామని స్టార్‌వుడ్ ప్రకటించింది. 2016లో మారియట్ సంస్థ స్టార్‌వుడ్‌ను కొన్నది. ఉభయ పథకాలు కలిసిపోయి 2019లో ‘మారియట్ బాన్‌వాయ్’ అనే పేరు పొందాయి.

పథకంలో చేరడానికి సాధారణంగా రుసుము ఉండదు. సభ్యుడు గదికి చెల్లించిన ప్రతి డాలరుకు మారియట్, హిల్టన్ సంస్థలు తమ అధిక భాగం హోటళ్ళలో 10 పాయింట్లు, హయత్ సంస్థ 5 పాయింట్లు ఇస్తాయి. ఇది చూసి హయత్ సగమే ఇస్తున్నదని భావించకూడదు. ఒక్కొక్క సంస్థ పాయింటు ఒక్కొక్క దేశపు నాణెం వంటిది. నాణేల సంఖ్య కన్న వాటితో ఏమి కొనగలమన్నదే ముఖ్యం. సాధారణంగా సంస్థ సొంత వెబ్‌సైటులోనో, ఫోను ద్వారానో నేరుగా గది తీసుకొన్నవారికే పాయింట్లు దక్కుతాయి. మధ్యవర్తి సంస్థల ద్వారా తీసుకొన్న గదికి పాయింట్లు రాకపోవడం పరిపాటి. మధ్యవర్తికి చెల్లించవలసిన కమీషన్ మిగులుతుంది కాబట్టే హోటల్ తన సభ్యునికి కొంత తగ్గింపు ఇవ్వగలుగుతున్నది.

హోటళ్ళు ఏడాదిలో కొన్ని మాసాలలో ప్రత్యేక ప్రోత్సాహక పథకాలను ప్రకటిస్తాయి. రెండు బసలకు అదనపు పాయింట్లు, మూడు రాత్రులకు రెట్టింపు పాయింట్లు, మొదలైన రూపాలలో ఇవి ఉంటాయి. వీటిలో అనేకం ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారికే వర్తిస్తాయి. బస ముగిసిన తరువాత నమోదు చేసుకొంటే ప్రయోజనం ఉండకపోవచ్చు. నిబంధనలను చదవకుండా సంతోషించడం జాతకం చూడకుండా ముహూర్తం పెట్టడం వంటిది.

నిబంధనలను శ్రద్ధగా చదివినవాడు ఎంత సాధించగలడో 1999లో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం నిరూపించింది. ఒక ఆహార సంస్థ తన ఉత్పత్తుల పైనున్న ముద్రలను పంపినవారికి విమాన మైళ్ళు ఇస్తానని ప్రకటించింది. కాలిఫోర్నియాకు చెందిన ఒక ఇంజనీరు ఆ ప్రకటనను జాగ్రత్తగా చదివాడు. వస్తువు ఖరీదుతో నిమిత్తం లేకుండా ముద్రకు ఇన్ని మైళ్ళని ఉన్నట్లు గమనించాడు. అన్నిటి కంటె చవకైన వస్తువు ఒక పుడ్డింగు గిన్నె అని తేల్చుకొని, సుమారు 12,000 గిన్నెలు కొన్నాడు. గడువులోపల అన్ని ముద్రలను ఊడదీయడం ఒక్కనివల్ల అయ్యే పని కాదు. అందుచేత గిన్నెలను ఒక ధార్మిక సంస్థకు దానం చేసి, వారి కార్యకర్తల చేత ముద్రలు ఊడదీయించుకొన్నాడు. సుమారు 3,000 డాలర్ల వ్యయానికి పన్నెండు లక్షలకు పైగా మైళ్ళు లభించాయి. దానం వల్ల ఆదాయపు పన్నులో తగ్గింపు కూడా లభించింది. ఇందులో మోసం లేదు, దాపరికం లేదు. ఉన్నదల్లా చదివే ఓపిక, లెక్కించే బుద్ధి.

పాయింట్లతో గది తీసుకోవాలా, డబ్బు చెల్లించాలా అన్న సందేహం సభ్యునికి తరచుగా కలుగుతుంది. దానిని తీర్చేందుకు ఒక సులభమైన లెక్క ఉంది. పన్నుతో కలిపి గదికి చెల్లించవలసిన మొత్తాన్ని, అదే గదికి అడిగే పాయింట్లతో భాగించాలి. వచ్చినదే ఒక పాయింటు విలువ. ఉదాహరణకు ఒక గది అద్దె 7,400 రూపాయలు. దానిపై 5 శాతం పన్ను 370 రూపాయలు. మొత్తం 7,770 రూపాయలు. అదే గది పన్ను ప్రత్యేకంగా చెల్లించనవసరం లేకుండా 15,000 పాయింట్లకు లభిస్తే పాయింటు విలువ దాదాపు 52 పైసలు. రద్దీ లేని మరొక రోజున ఆ గది అద్దె 4,200 రూపాయలకు తగ్గిందనుకొందాం. పన్నుతో 4,410 రూపాయలు. పాయింట్ల ధర మారకపోతే పాయింటు విలువ సుమారు 29 పైసలకు పడిపోతుంది. అట్టి రోజున డబ్బు చెల్లించి పాయింట్లను దాచుకోవడం, రద్దీ రోజున పాయింట్లు ఇచ్చి డబ్బును దాచుకోవడం వివేకం.

ఇక్కడ పన్ను విషయం కూడా గమనించదగినది. మనదేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు మించని గదిపై వస్తుసేవల పన్ను 5 శాతం, అంతకు మించిన గదిపై 18 శాతం. పైన చెప్పిన 7,400 రూపాయల గదికి పన్నుతో 7,770 రూపాయలు కాగా, 7,600 రూపాయల గదికి పన్నుతో 8,968 రూపాయలు అవుతుంది. అద్దెలో తేడా 200 రూపాయలే. చెల్లింపులో తేడా 1,198 రూపాయలు. అమెరికాలో అద్దె కాక ‘రిసార్టు ఫీజు’ వంటి తప్పనిసరి రుసుములను చివరి క్షణంలో చేర్చే అలవాటు చాలా కాలం సాగింది. అట్టి రుసుములతో కలిపిన మొత్తాన్ని ముందే చూపించాలన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే 12న అమలులోకి వచ్చింది. అంకె ఎక్కడ మొదలైందో కాక, ఎక్కడ ముగిసిందో చూడడం కొనుగోలుదారుని ధర్మం.

ఇన్ని గదులను ఉచితంగా ఇచ్చి హోటళ్ళు ఎట్లా మనగలుగుతున్నాయన్న ప్రశ్న సహజం. ఒక పేరు కింద నడిచే హోటళ్ళలో అధిక భాగానికి యజమానులు వేరు, పేరుగల సంస్థ వేరు. అతిథికి పాయింట్లు ఇచ్చినప్పుడు యజమాని ఆ ఖర్చును పథకపు నిధికి చెల్లిస్తాడు. అతిథి పాయింట్లతో బస చేసినప్పుడు ఆ నిధి నుంచి యజమానికి సొమ్ము అందుతుంది. హోటల్ దాదాపు నిండి ఉన్న రోజున అందే సొమ్ము ఎక్కువ, ఖాళీగా ఉన్న రోజున తక్కువ. కావున ‘ఉచిత గది’ అన్నది అతిథి కంటికి మాత్రమే ఉచితం. బ్యాంకులు కూడా తమ క్రెడిట్ కార్డు ఖాతాదారులకు ఇవ్వడానికి ఈ సంస్థల వద్ద పాయింట్లు కొంటాయి. అతిథులు ఇంకా వాడని పాయింట్లను సంస్థలు తమ పద్దులలో అప్పుగా చూపుతాయి. పెద్ద సంస్థలకు ఆ అప్పు కొన్ని వందల కోట్ల డాలర్లు. ఎవరూ వాడకుండా మురిగిపోయే పాయింట్లు సంస్థకు మిగులు. అతిథి మరుపు కూడా అక్కడ ఆదాయమే.

తెలుగువారికి ఈ పథకాలతో గాఢమైన పరిచయం ఏర్పడినది ముఖ్యంగా అమెరికాలో. కన్సల్టెంటుగా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒక నగరంలో కాపురముండి మరొక నగరంలో ఉద్యోగం చేయవలసి రావడం అక్కడ సామాన్యం. సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి, మూడు రాత్రులు హోటల్‌లో గడిపి, గురువారం రాత్రి ఇల్లు చేరుతాడు. అట్టివాడు ఏడాదిలో 40 వారాలు ప్రయాణిస్తే 120 రాత్రులు ఇంటికి దూరమైనట్లే. రాత్రికి 120 డాలర్ల చొప్పున అతని సంస్థ 14,400 డాలర్లు చెల్లిస్తుంది. డాలరుకు పది పాయింట్ల లెక్కన అతని ఖాతాలో 1,44,000 పాయింట్లు చేరుతాయి. ఎక్కువ రాత్రులు గడిపిన సభ్యునికి లభించే హోదా వల్ల వచ్చే అదనపు పాయింట్లు దీనికి వేరు.

వేసవిలో తల్లిదండ్రులు స్వదేశం నుంచి వస్తారు. జీవితమంతా పొదుపుగా గడిపిన ఆ పెద్దలు హోటల్ అద్దె వింటే దానిని రూపాయలలోకి మార్చుకొని, “ఇంత ఎందుకు నాయనా, ఆ నయాగరా ఏదో టీవీలో చూస్తాంలే” అంటారు. “డబ్బు కాదమ్మా, పాయింట్లు” అన్న ఒక్క మాట వారి సంకోచాన్ని తొలగిస్తుంది. రాత్రికి 30,000 పాయింట్ల గదిని నాలుగు రాత్రులకు తీసుకొంటే 1,20,000 పాయింట్లు. పాయింట్లతో నాలుగు రాత్రులు తీసుకొన్నవారికి ఐదవ రాత్రి ఉచితంగా ఇచ్చే నియమం మారియట్ పథకంలో ఉంది. వెరసి ఐదు రాత్రులు. జలపాతం పక్కనున్న గదిలో తల్లి కిటికీ తెర తొలగించి చూసినప్పుడు ఆ కుమారుని లెక్క పూర్తి అవుతుంది.

అయితే ఆ లెక్కకు మరొక పార్శ్వం ఉంది. ఐదు రాత్రుల కలయిక కోసం నూట ఇరవై రాత్రుల ఎడబాటు జరిగింది. బిడ్డ తొలి అడుగు వేసిన నాడు తండ్రి ఏ హోటల్ గదిలోనో ఉండి ఉంటాడు. పాయింట్లు ఆ ఎడబాటును పూడ్చలేవు, ఎడబాటు తరువాత మిగిలిన దానిని కొంత తీయగా చేయగలవు. ఈ తారతమ్యం మరచి, హోదా తగ్గిపోతుందన్న భయంతో పని లేకపోయినా ఏడాది చివర హోటల్ గదులలో రాత్రులు గడిపేవారు ఉన్నారు. అప్పుడు పథకం మనిషికి సేవ చేయడం మాని, మనిషి పథకానికి సేవ చేయడం మొదలవుతుంది. లాయల్టీ అనే మాటకు విశ్వాసబద్ధత అని అర్థం. ఆ విశ్వాసం ఎవరి పట్ల అన్నది ప్రతివాడూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

పాయింట్లను డబ్బుగా భావించి కూడబెట్టడం కూడా ప్రమాదమే. రూపాయికి రిజర్వు బ్యాంకు ఉంది. పాయింటుకు అట్టి రక్ష లేదు. నియమాలను మార్చే హక్కు సంస్థ తన వద్దనే ఉంచుకొంటుంది. ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో తెలిపే పట్టికను హిల్టన్ 2017లోనూ, మారియట్ 2022లోనూ తొలగించాయి. ఆ తరువాత పాయింట్ల ధర కూడా గది అద్దెవలె రోజురోజుకు మారసాగింది. నిన్న నాలుగు రాత్రులకు సరిపోయిన నిల్వ రేపు మూడు రాత్రులకే సరిపోవచ్చు. మారియట్ పథకంలో 24 మాసాలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు రద్దవుతాయి. ఇందుకు భిన్నంగా మనదేశంలో 2022 ఏప్రిల్‌లో ప్రారంభమైన టాటా న్యూ పథకంలో ఒక న్యూకాయిన్ విలువ ఒక రూపాయి. తాజ్ హోటళ్ళలోనూ ఇవి చెల్లుతాయి. స్థిరమైన విలువ గల పాయింటు గొప్ప లాభాన్ని ఇవ్వదు, హఠాత్తుగా నష్టాన్నీ కలిగించదు. ఏ పాయింటైనా సంపాదించి, వినియోగించుకోదగినదే కాని, మనుమలకు ఆస్తిగా ఇవ్వదగినది కాదు.

ఖాతాకు రక్షణ కూడా అవసరం. 2018 నవంబరులో మారియట్ సంస్థ స్టార్‌వుడ్ రిజర్వేషన్ల సమాచార నిధిలోకి అక్రమంగా ప్రవేశం జరిగిందని ప్రకటించింది. కోట్లాది అతిథుల వివరాలు బయటపడ్డాయి. వాటిలో కొందరి పాస్‌పోర్టు సంఖ్యలు సైతం ఉన్నాయి. పాయింట్ల ఖాతాకు బలమైన పాస్‌వర్డు పెట్టుకోవడం, అవసరానికి మించి వివరాలు ఇవ్వకపోవడం ఈ సంఘటన నేర్పిన పాఠం.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం అప్పు రూపంలో పొంచి ఉంటుంది. క్రెడిట్ కార్డు వాడితే పాయింట్లు వస్తాయన్న ఆశతో అవసరం లేని ఖర్చు చేసేవారు చాలామంది. ఒక యువకుడు కార్డు మీద 50,000 రూపాయలు ఖర్చు చేసి, వందకు రెండు పాయింట్ల చొప్పున 1,000 పాయింట్లు పొందాడనుకొందాం. పాయింటుకు 50 పైసల లెక్కన అతని లాభం 500 రూపాయలు. గడువునాటికి బాకీ తీర్చలేకపోతే, నెలకు 3.5 శాతం వడ్డీ చొప్పున 1,750 రూపాయలు, ఆ వడ్డీపై 18 శాతం పన్ను 315 రూపాయలు, మొత్తం 2,065 రూపాయలు ఒక్క మాసంలోనే అతని నెత్తిన పడుతుంది. రెండవ మాసం వడ్డీ మీద వడ్డీ తోడవుతుంది. ‘కనీస మొత్తం చెల్లిస్తే చాలు’ అన్న మాట ఊరటవలె వినిపించినా, మిగిలిన బాకీపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బాకీని ప్రతి మాసం పూర్తిగా తీర్చగలిగిన వానికే పాయింటు లాభం. తీర్చలేని వానికి అది గాలానికి గుచ్చిన ఎర.

న్యాయానికి సంబంధించిన మరొక ప్రశ్న కూడా ఉంది. ప్రయాణానికి డబ్బు చెల్లించినది కార్యాలయం, పాయింట్లు చేరినది ఉద్యోగి ఖాతాలో. అవి ఎవరివి? ఈ ప్రశ్నకు రెండు దేశాలు రెండు విధాల సమాధానం చెప్పాయి. అమెరికాలో 2001 డిసెంబరులో చేసిన చట్టం ప్రభుత్వోద్యోగులు అధికార ప్రయాణాలలో లభించిన ఇట్టి ప్రయోజనాలను స్వంతానికి వాడుకోవడానికి అనుమతించింది. భారత ప్రభుత్వ నియమాలు ఇందుకు అంగీకరించవు. అధికార ప్రయాణపు టికెట్లపై వచ్చిన విమాన పాయింట్లను తిరిగి అధికార ప్రయాణాలకే వినియోగించాలనీ, సొంత ప్రయాణానికి వాడితే శాఖాపరమైన చర్య తప్పదనీ అవి స్పష్టం చేస్తున్నాయి. ప్రైవేటు సంస్థలలో ఎవరి నియమం వారిది. ఏ నియమం వర్తిస్తుందో ముందుగా తెలుసుకోవడం ఉద్యోగి బాధ్యత. చవకగా లభించినదల్లా న్యాయంగా లభించినట్లు కాదు.

చివరగా ఒక విషయం మరువరానిది. పాయింట్లతో తీసుకొన్న గదిలోనూ పక్క ఎవరో ఒకరు పరుస్తారు. స్నానాల గదిని ఎవరో ఒకరు కడుగుతారు. అతిథి చెల్లించినది డబ్బో, పాయింట్లో ఆ శ్రామికురాలికి తెలియదు. ఆమె శ్రమలో తేడా ఉండదు. గదిని చిందరవందర చేయక ఉంచడం, ఎదురైనప్పుడు ఒక మంచిమాట పలకడం, టిప్పు ఇచ్చే ఆచారం ఉన్నచోట దానిని మానకపోవడం చవకగా బస చేసినవానికి మరింత తగిన ప్రత్యుపకారం. పూర్వం గృహస్థు అతిథిని గౌరవించాడు. ఇప్పుడు అతిథి తనకు పక్క పరచిన చేతులను గౌరవించవలసి ఉంది. తిథిని ఎరిగి, లెక్కను ఎరిగి, హద్దును కూడా ఎరిగినవాడే నేటి కాలానికి తగిన అతిథి.

కఠిన పదాలు – అర్థాలు

వ్యుత్పత్తి = పదం పుట్టిన విధం
షడ్రసోపేతం = ఆరు రుచులతో కూడినది
విపర్యయం = తారుమారు, వ్యతిరేకం
పరిపాటి = వాడుక, అలవాటు
ఉదంతం = వృత్తాంతం
పార్శ్వం = పక్క, వైపు
తారతమ్యం = హెచ్చుతగ్గుల భేదం
వెరసి = మొత్తం మీద
ప్రత్యుపకారం = మేలుకు బదులుగా చేసే మేలు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. లాయల్టీ పథకాల పుట్టుపూర్వోత్తరాలను పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. ‘నేటి అతిథికి తిథే వెల’ అన్న వాక్యాన్ని సోదాహరణంగా సమర్థించండి.
3. పాయింట్ల వల్ల కలిగే లాభాలను, వాటి వెనుక ఉన్న ప్రమాదాలను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. హోటల్ గదిని పూలదండతో ఎందుకు పోల్చారు?
2. పుడ్డింగు గిన్నెల ఉదంతం వల్ల తెలుసుకోదగినదేమి?
3. అధికార ప్రయాణాలలో లభించిన పాయింట్ల విషయంలో రెండు దేశాల వైఖరులను తెలపండి.
4. ఒక గది అద్దె పన్నుతో 6,300 రూపాయలు. అదే గది 14,000 పాయింట్లకు లభిస్తుంది. పాయింటు విలువ ఎంత? ఇదే సంస్థ పాయింటుకు మరొక రోజున 52 పైసల విలువ లభించేటట్లయితే, ఈ రోజు డబ్బు చెల్లించడం మేలా, పాయింట్లు ఇవ్వడం మేలా? కారణం రాయండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘అతిథి’ అనగా ఎవరు?
2. క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇల్లు ఏ నగరంలో ఉంది?
3. ‘అడ్వాంటేజ్’ పథకం ఎప్పుడు ప్రారంభమైంది?
4. మారియట్ పథకంలో పాయింట్లు ఎప్పుడు రద్దవుతాయి?

IV. సంధులను విడదీసి, సంధి పేరు రాయండి.
స్వల్పాదాయం, ప్రత్యుపకారం, ప్రభుత్వోద్యోగి